కౌజు గొంతున్న స్పీకరు

నేను ఒక బ్లూటూత్ స్పీకరును. అరచేతిలో ఇమిడే ఆకారం, గొంతు మాత్రం ఊరంత. పాటలు పాడటానికే నన్ను పుట్టించారు. నా అట్టపెట్టె మీద ఈతకొలను పక్కన నవ్వుతున్న జంట బొమ్మ ఉండేది. నా బతుకూ అలాగే గడుస్తుందనుకున్నాను. అనుకుంటే సరా, రాసిపెట్టి ఉండాలి.

కదిరి బజారులో నన్ను కొన్నవాడు ఓబుళేసు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది నుంచి రాళ్లగుట్ట మీద కౌజుపిట్టలు పట్టి దాబాలకు అమ్ముతున్నాడు. అది నేరమని అతనికీ తెలుసు, తినేవాళ్లకూ తెలుసు. అందుకే మరింత రుచి అనేవారట.

అతని మేనమామ నరసిమ్ములు పాతకాలపు వేటగాడు. పెంపుడు కౌజును బోనులో పెట్టి గుట్టెక్కేవాడు. అది కూసేది. తన హద్దులో ఇంకో మగపిట్ట గొంతు వినిపిస్తే అడవి కౌజుకు ఒళ్లు మండుతుంది. కొట్లాటకు వచ్చి ఉచ్చులో పడుతుంది. మనుషుల్లో మగవాళ్లూ ఇలాగే పడతారు గనుక ఇంతకన్నా వివరించనక్కర్లేదు. అయితే ఆ వేటకు ఒక కట్టు ఉండేది. బోనులో పిట్ట అలిసి నోరు మూసిందంటే ఆ పూటకు వేట అయిపోయినట్టే. ఏం పడినా, పడకపోయినా ఉచ్చులు చుట్టుకుని నరసిమ్ములు గుట్ట దిగేవాడు.

ఓబుళేసు ఆ పెంపుడు పిట్ట కూతనే ఫోన్లో పట్టి నాచేత పలికించాడు. మామ నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎప్పుడు అలుస్తాదిరా?"

"అలిసేదేం లేదు మామా. చార్జింగు పెడితే సాలు."

మామ నన్ను కింద పెట్టి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

నిజంగానే నేను అలవలేదు. గుడ్లు పెట్టే కాలంలోనూ కూశాను. మగపిట్టలు వచ్చాయి, వాటి వెనకే పెట్టలూ వచ్చాయి. కాలు ఉచ్చులో ఇరుక్కున్నాక కూడా కొన్ని నావైపు తిరిగి కూసేవి, దమ్ముంటే ఎదురు రమ్మని. నాకు కాళ్లు లేవు. నోరు మూసుకునే హక్కూ లేదు. ఓబుళేసుకు దొరికిన బేరం చూసి స్నేహితులు ఆ కూతను తమ ఫోన్లలోకి పంపించుకున్నారు.

వేటగాళ్లకు యంత్రాలు వస్తే ప్రభుత్వానికి రావా? చెట్లకు కెమెరాలు కట్టారు. ఒకదానిలో ఓబుళేసు ముఖం పడింది. అటవీ శాఖ బీటు ఆఫీసరు నాగరత్న వచ్చి అతన్నీ నన్నూ పట్టుకుపోయింది. అతను జరిమానా కట్టి ఇంటికెళ్లాడు. కేసు తేలాక నేను అటవీ శాఖ సొత్తునయ్యాను. శిక్షంటూ పడితే అది నాకే పడిందన్నమాట.

ఇంతలో రాళ్లగుట్టను కంకర క్వారీకి ఇమ్మని ఎవరో అర్జీ పెట్టారు. కౌజులుంటే గుట్ట జోలికి పోవద్దు, లేకుంటే ఇచ్చేయవచ్చు అని పైవాళ్లు తేల్చి, పిట్టల లెక్క తీయమన్నారు. ఆ లెక్క తీసే పద్ధతి కూడా నాబోటి వాళ్లతోనే. కూత వినిపించి, బదులు పలికినవాటిని లెక్కపెడతారు. శాఖ దగ్గరున్న స్పీకరును నేనొక్కదాన్నే. గుట్టను ఖాళీ చేసిన గొంతుతోనే గుట్ట మీద ఎవరున్నారని అడిగించారు. మనుషుల తెలివికి దండం పెట్టాలి.

నాగరత్న ఆ గుట్టకు ఏళ్లుగా కాపలా. దాని మీద ఏ పొద ఎక్కడుందో ఆమెకు తెలుసు. రోజూ తెల్లవారుతుండగా వాచరు ఈరన్నతో ఎక్కి, నన్ను బండ మీద పెట్టి కూయించి, ఊపిరి బిగబట్టి వినేది. గాలి తప్ప ఏమీ పలికేది కాదు. ఆఖరి రోజు నన్ను రెండు చేతులతో పట్టుకుని గుట్ట అంచుదాకా తీసుకెళ్లింది.

"ఒక్కటి పలికినా చాలు ఈరన్నా. గుట్ట నిలబడతాది."

కూశాను. దగ్గరికి రావద్దు, ఎక్కడున్నారో అక్కడే ఉండి ఒక్కసారి పలకండి అని బతిమాలుకోవాలనిపించింది. కానీ నాకున్నది ఒకటే కూత.

అవతలి వాలు నుంచి బదులు వచ్చింది.

నాగరత్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లు నిండిపోయాయి. మళ్లీ కూయించింది. మళ్లీ పలికింది. నిజమైన కౌజయితే రెండోసారి కోపం పెరుగుతుంది, కాస్త దగ్గరికి జరిగి పలుకుతుంది. ఇది ఉన్నచోటు నుంచి కదలలేదు. గొంతూ పెరగలేదు. అది నరసిమ్ములు పెంచిన పిట్ట కూత. ఆ పిట్ట చచ్చిపోయి చాలాకాలమైంది.

ఈరన్నకూ అర్థమైంది. తల వంచుకుని అన్నాడు.

"అది పిట్ట కాదు మేడం. అది గూడా డబ్బానే."

అక్కడ పొదలో ఉచ్చులు పరుచుకుని కూర్చున్న ఓబుళేసు స్నేహితుడెవడో కూడా నా కూత విని, గుట్ట మీద ఇంకా ఒక పిట్ట మిగిలిందని సంబరపడి ఉంటాడు. నాగరత్న కళ్లు తుడుచుకుని, నా కూత ఆపి, నన్ను సంచిలో వేసుకుని ఆ వాలు వైపు దిగసాగింది. ఈరన్న వెనకే నడిచాడు.

నేను ఆగిపోయాక కూడా అవతలి డబ్బా పిలుస్తూనే ఉంది. బదులివ్వడానికి గుట్ట మీద ఎవరూ లేరు.