హాల్డ్‌వర్త్ ఇంటి బిషప్పు

స్పెన్స్‌లీ దొర గోదాము మెట్ల మీద జేబెజ్ హాల్డ్‌వర్త్ ప్రాణం వదిలాడు. చుట్టూ జనం నిలబడే ఉన్నారు. అందరూ స్కార్‌బెక్ ఊరి ఉన్ని దువ్వేవాళ్ళే. అందరి భుజాల మీదా వారమంతా దువ్విన ఉన్ని మూటలే. జేబెజ్ తెచ్చిన తెల్లటి పాయల్ని గుమాస్తా వేళ్ళతో అటూ ఇటూ లాగి చూసి, మిల్లులో మిషను ఇంతకన్నా నున్నగా దువ్వుతోందని, ఇకమీదట సగం కూలేనని చెప్పాడు. జేబెజ్ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పట్టుకుపొమ్మని గుమాస్తా ఆ మూటని మెట్ల కిందికి తన్నాడు. కింద జనవరి వానకి చేరిన బురద. జేబెజ్ వంగి ఒక్కో పాయా ఏరుకుంటూ దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు ఆగలేదు. ఏరిన ఉన్ని మీదే నెత్తురు కక్కుకుని కింది మెట్టు మీదికి ఒరిగిపోయాడు.

అన్న ఈనోస్ పరిగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకునేసరికే అయిపోయింది. మేడ మీద కిటికీ తెరుచుకుంది. లీడ్స్ నుంచి సరుకు బండి వచ్చే వేళయిందనీ, దారికి అడ్డం లేకుండా అతణ్ణి తియ్యమనీ దొర పైనుంచే చెప్పి కిటికీ మూసుకున్నాడు. కొందరు టోపీలు తీశారు. చచ్చినవాడి కోసం తీశారో, కిటికీలో దొరని చూసి తీశారో వాళ్ళకే తెలియాలి. తన చెయ్యి కూడా టోపీ మీదికి వెళ్ళిన సంగతి ఈనోస్‌కి ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

హాల్డ్‌వర్త్‌లది నాలుగు తరాలుగా ఉన్ని దువ్వే ఇల్లు. ముత్తాత ఐజక్ కొండల అవతలనుంచి ఇనప దువ్వెన్ల జత భుజాన వేసుకుని ఈ లోయలోకి నడిచొచ్చాడు. వేడెక్కిన దువ్వెన పళ్ళకే ఉన్ని లొంగుతుంది. అందుకని ఉన్ని దువ్వే గదిలో బొగ్గు కుంపటి రాత్రింబవళ్ళు మండుతూ ఉండాలి. వేడి పోకుండా తలుపులూ కిటికీలూ మూసే ఉండాలి. పనీ అక్కడే, తిండీ అక్కడే, పడకా అక్కడే. ఐజక్ ఆ పొగకే పోయాడు. తాత రూబెన్ ఒకనాడు కుంపటి పక్కన స్పృహ తప్పి మళ్ళీ లేవలేదు. తండ్రి జోయెల్ రెండు చలికాలాలు నెత్తురు కక్కి మూడోది చూడలేదు. మేనత్త కెజియా పెళ్ళి కాకుండానే పోయింది. వాళ్ళు దువ్విన ఉన్ని మాత్రం నేతకెళ్ళి, బట్టై, దూరదేశాల ప్రభువుల ఒంటి మీదికి ఎక్కింది.

ఆ ఇంటికి దక్కిన మర్యాద ఒక్కటే ఉంది. పూర్వం ఎవరో రాజు, బ్లేజ్ అనే బిషప్పుని ఇనప దువ్వెన్లతో ఒళ్ళు చీరి చంపించాడట. అందుకని ఉన్ని దువ్వేవాళ్ళకి ఆయనే ఇలవేల్పు. ఫిబ్రవరి మొదట్లో ఆయన పండగ. ఊరేగింపులో ముందు గుర్రాల మీద దొరలు, వాళ్ళ వెనక మేళం, మేళం వెనక అట్ట కిరీటం పెట్టుకున్న బిషప్పు, ఆ వెనక ఉన్ని విగ్గులు తగిలించుకున్న ఊరంతా. బిషప్పు వేషం ఐజక్ కాలంనుంచీ హాల్డ్‌వర్త్‌లదే. బిషప్పు సంతబజారు చేరి నోరు విప్పేదాకా ముందు గుర్రాల మీద వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే ఆ ఏడు గొర్రెలకి తెగులు తగులుతుందని నమ్మకం. దొరలు చదువుకున్నవాళ్ళే, లండన్ వెళ్ళొచ్చినవాళ్ళే. అయినా ఈ ఒక్క సంగతిలో ఎవరూ మెడ తిప్పరు. గొర్రెలు వాళ్ళవి మరి.

జేబెజ్ పోయిన మర్నాడు స్పెన్స్‌లీ దొర ఈనోస్‌ని కొత్త మిల్లుకి పిలిపించుకున్నాడు. పాపం జరిగిందన్నాడు. శవపేటిక తానే పంపుతానన్నాడు. తరవాత అసలు మాట ఎత్తాడు. ఈసారి పండక్కి పక్క లోయల దొరలు కూడా వస్తున్నారు. బిషప్పు తన నోటితో మిషను గొప్పతనాన్నీ, దాన్ని తెచ్చిన దొరల దయనీ పొగిడే పద్యం చెప్పాలి. చెబితే ఈనోస్‌కి మిల్లులో మేస్త్రీ పని. చెప్పకపోతే ఉంటున్న ఇల్లు దొరదేనని మరిచిపోవద్దు. ఇంత చెప్పి దొర మేస్త్రీ గది చూపించాడు. గోడంత కిటికీ. బయట వాగు, కొండ, ఆకాశం. ఈనోస్ ఆ కిటికీ ముందు నిలబడి గాలి పీల్చుకున్నాడు. ఛాతీలో ఎక్కడా గుచ్చుకోలేదు. అప్పటికే అతని దగ్గులోనూ ఎర్రటి చారలు పడుతున్నాయి. ఈ గదిలో కూర్చుంటే ఇంకో పదేళ్ళు బతుకుతానని అతని ఒళ్ళు అతనికి చెప్పింది. దొరకి ఏమీ బదులివ్వకుండా వచ్చేశాడు. గుమాస్తా వెంటపడి పద్యం నేర్పుతుంటే కాదనలేదు కూడా.

ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న రోజులవి. కూలి గురించి మాట్లాడుకోవడానికి కూలివాళ్ళు గుమిగూడితే జైలే. కానీ చావింటికి జనం రావద్దనే చట్టం ఇంకా ఏ పార్లమెంటుకీ తట్టలేదు. జేబెజ్‌ని మట్టిచేసి వచ్చాక ఈనోస్ ఇల్లు జనంతో నిండిపోయింది. కానిస్టేబులు హెప్టన్ గేటు దగ్గర కాపలా నిలబడ్డాడు. ఈనోస్ భార్య డార్కస్ అతనికీ ఓ గ్లాసు బీరూ, ఓట్స్ రొట్టే పంపించింది. అతను తింటూ అటు తిరిగి నిలబడ్డాడు. లోపల మాటలు మొదలయ్యాయి.

ఆమోస్ పికిల్స్ పడుచువాడు. మంచి పనివాడు, నోరు ఇంకా మంచిది. మిల్లు మీదపడి మిషన్ని ముక్కలు చెయ్యాలన్నాడు. మిషను మీద చెయ్యి వేస్తే ఉరే అన్నారు ముసలివాళ్ళు. ఇంకొకడు పండగే మానేద్దామన్నాడు. మానేస్తే దొరకి పోయేదేముందని నలుగురు లేచారు. మధ్యలో ఒకావిడ, సగం కూలైనా ఇస్తున్నాడు కదా, అదీ పోతే పిల్లలకి ఏం పెట్టాలని ఏడ్చింది. ఎవరి బాధ వాళ్ళది. గొంతులు పెరిగాయి.

"మనం ఇక్కడ గొంతు చించుకుని ఏం లాభం వదినా?" అన్నాడు ఆమోస్ డార్కస్‌తో. "మీ ఆయన కిరీటం పెట్టుకుని దొరకి దండకం చదవబోతున్నాడట. గుమాస్తా ఊరంతా చెప్పుకుంటున్నాడు."

డార్కస్‌కి ఆ సంగతి తెలియదు. ఆమె మొగుడి వైపు చూసింది.

"నిజమేనా?"

"ఒప్పుకోలేదే," అన్నాడు ఈనోస్. "కాదనీ అనలేదు. ఆ గదిలో గాలొస్తోంది డార్కస్. అంత గాలి నేనెప్పుడూ పీల్చలేదు," అన్నాడు.

ఎవరూ తిట్టలేదు. అక్కడున్న ప్రతివాడి ఛాతీలోనూ ఆ కుంపటి పొగే ఉంది. తిట్టడానికి నోరెత్తిన ఆమోస్ కూడా దగ్గు వచ్చి ఆగిపోయాడు. డార్కస్ బీరు కూజా కింద పెట్టింది.

"నీకు గాలి కావాలయ్యా. నాకూ కావాలి. మిషన్లొస్తే కుంపట్లు పోతాయి, పోనీ, వాటికోసం నేనేం ఏడవను. కానీ ఆ కిటికీ నీ ఒక్కడికే తెరిచి, ఈ గదిలో ఇంతమందిని వీధిలో పడేస్తానంటున్నాడు వాడు. ఆ పని నీ నోటితో చేయిస్తానంటున్నాడు."

తరవాత ఆమె అందరివైపూ తిరిగింది. ఇవాళ చావు కాబట్టి హెప్టన్ గేటు దగ్గరే ఆగిపోయాడనీ, రేపు పండగైతే ఆపేవాడే ఉండడనీ చెప్పింది. ఊరేగింపుకి మేజిస్ట్రేటే అనుమతిచ్చాడు. పై ఊళ్ళవాళ్ళు కూడా రావచ్చు. ఇంతమందిని ఒకచోట చేర్చే పని దొరే చేసిపెడుతున్నాడు. తన వెనక మనం నడవడమే అతనికి కావాలి, అదొక్కటీ ఇవ్వొద్దంది. గుర్రాలు వెనక్కి తిరిగి చూడవు కదా అని ఎవరో మూలనుంచి నెమ్మదిగా అన్నారు. కొందరికి నవ్వొచ్చింది. జేబెజ్ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదలు. మేళగాళ్ళతో మాట్లాడే పని ఆమోస్‌కి అప్పగించారు. కిరీటం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది ఈనోస్ తేల్చుకోవలసిన మాట.

పండగ నాడు ఎండ కాసింది. ముందు దొరలు, నల్ల గుర్రం మీద స్పెన్స్‌లీ. వెనక మేళం. ఈనోస్ కిరీటం పెట్టుకుని, పాయలు అల్లిన గడ్డం కట్టుకుని బయటికొచ్చాడు. అతనేం తేల్చుకున్నాడో ఎవరికీ తెలియదు, డార్కస్‌కి కూడా చెప్పలేదు. రాత్రంతా దగ్గుతూ కూర్చున్నాడని మాత్రం ఆమెకి తెలుసు. జనం కదిలారు. చర్చి దగ్గర దారి చీలుతుంది. కుడివైపు సంతబజారు, ఎడమవైపు సమాధులు. దొరలు కుడికి తిరిగారు. మేళం వాళ్ళ వెనకే, ముందుగా అనుకున్నట్టు, చెవులు చిల్లులు పడేలా వాయిస్తూ కుడికే వెళ్ళింది. బిషప్పు చీలిక దగ్గర ఆగాడు. వెనక వందల అడుగుల చప్పుడూ ఆగింది. మిల్లు మీది కిటికీ అక్కడినుంచి కూడా కనిపిస్తూనే ఉంది. ఈనోస్ ఒక్క క్షణం దానికేసి చూసి, ఎడమకి తిరిగాడు.

అటు దొరలు డప్పులూ సన్నాయిలతో సంతబజారు చేరి, గుర్రాల మీద నిటారుగా కూర్చుని పద్యం కోసం ఎదురుచూశారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. పక్క లోయల దొరల ఆడవాళ్ళు మేడల మీదనుంచి నవ్వడం మొదలుపెట్టాకే స్పెన్స్‌లీ మెడ తిప్పాడు. మేళం తప్ప ఎవరూ లేరు.

ఇటు సమాధుల దగ్గర, ముందే కబురందుకున్న పై ఊళ్ళవాళ్ళు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నారు. ఈనోస్ తమ్ముడి పచ్చిమట్టి పక్కన నిలబడి, అందరూ అతని నోటికేసి చూస్తుండగా, తన ఇంటి కథ చెప్పాడు.

"ఐజక్ హాల్డ్‌వర్త్. మా ముత్తాత. పొగకి పోయాడు. రూబెన్, మా తాత, కుంపటి దగ్గరే పోయాడు. జోయెల్, మా నాన్న. కెజియా, మా అత్త. జేబెజ్, నా తమ్ముడు, వాడు దొర మెట్ల మీద పోయాడు. మీరంతా చూశారు, నేనూ చూశాను. తరవాత నేనే. ఇక మీ ఇళ్ళవి చెప్పండి."

ఆమోస్ తన తల్లి పేరు చెప్పాడు. పక్కవాడు ఇద్దరన్నల పేర్లు చెప్పాడు. సగం కూలైనా చాలని ఏడ్చిన ఆవిడ మొగుడి పేరు చెప్పి, ఆగి, కొడుకు పేరూ చెప్పింది. అలా పేర్లు వరసగా ఆ కొండవాలంతా పాకాయి. ఏ ఇంటి కథ చూసినా ఒకటేనని ఆ రోజు వాళ్ళకి తెలిసొచ్చింది. పాత కూలి ఇచ్చేదాకా ఏ ఊళ్ళోనూ ఎవరూ దొరల ఉన్ని ముట్టుకోకూడదని అక్కడే ఒట్టు పెట్టుకున్నారు. గుర్రపు సిపాయిలు వచ్చేసరికి జనం గోడలు దూకి చెదిరిపోతున్నారు. విగ్గులు పెట్టుకున్న వాళ్ళల్లో ఎవరు ఎవరో సిపాయిలకి అంతుపట్టలేదు. బిషప్పు మాత్రం దగ్గు ఆపుకోలేక తమ్ముడి సమాధి మీద కూలబడి వాళ్ళకి దొరికిపోయాడు.

సాయంత్రం మేజిస్ట్రేటు మెత్తగానే మాట్లాడాడు. వచ్చే సంతరోజున బజారులో ఆ పద్యం చెబితే ఇంటికి పంపేస్తానన్నాడు. పక్కనే స్పెన్స్‌లీ కూర్చుని ఉన్నాడు.

"ఆ పద్యం మర్చిపోయానండి," అన్నాడు ఈనోస్.

గుమాస్తా మళ్ళీ నేర్పుతాడన్నారు. తనకి బుర్ర తక్కువని, ఎన్నిసార్లు నేర్పినా ఎక్కదని ఈనోస్ చెప్పాడు. చట్టవిరుద్ధంగా జనాన్ని పోగుచేసినందుకు యార్క్ జైలు రాశారు. ఆ ఛాతీతో అక్కడ ఒక చలికాలం గడవదని రాసినవాళ్ళకీ తెలుసు, అతనికీ తెలుసు. డార్కస్‌కి అందరికన్నా బాగా తెలుసు.

మర్నాడు పొద్దున బండి స్కార్‌బెక్ దాటింది. ముందు హెప్టన్, బండిలో సంకెళ్ళతో ఈనోస్, వెనక డార్కస్ నడుస్తోంది. ఊరి పొలిమేరలో ఆమోస్ కలిశాడు. వాగు వంతెన దగ్గర ఇంకొందరు. పై ఊళ్ళోంచి మేళగాళ్ళు కూడా దిగొచ్చారు, ఈసారి వాయించకుండా. తరవాతి ఊళ్ళో చేతికందిన రొట్టెలు కండువాల్లో చుట్టుకుని ఆడవాళ్ళు బయటికొచ్చారు. హెప్టన్ రెండుసార్లు చూసీచూడనట్టు ఊరుకున్నాడు. మూడో ఊరు దాటాక ఇక లాభం లేదని బండి ఆపాడు.

"పండగ నిన్ననే అయిపోయింది. ఇళ్ళకి పొండమ్మా, నా ఉద్యోగం పోగొట్టకండి," అన్నాడు.

"ఎవరన్నారు అయిపోయిందని?" అంది డార్కస్. ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. "నిన్న ముందు దొరలు నడిచారు. ఇవాళ మా బిషప్పు నడుస్తున్నాడు. బండి తోలు."

హెప్టన్ ఆమెనీ, ఆమె వెనక దారినిండా నిలబడ్డ వాళ్ళనీ చూశాడు. కళ్ళేలు అదిలించాడు. బండి కదిలింది. జనం దాని వెనకే యార్క్ దారి పట్టారు.