తాళం వేయని వేగం

నేను ఒక ప్రాసెసర్‌ని. కంప్యూటర్‌కు మెదడు అంటారు నన్ను. అరచేతిలో పెడితే బిస్కెట్టంత కూడా ఉండను గానీ, నన్ను నేను తక్కువ చేసి చెప్పుకునే రకాన్ని కాదు. పుట్టింది ఇసుకలోంచి. ఆ ఇసుకను కరిగించి, పలకలు కోసి, దుమ్ము చొరబడని గదుల్లో నా ఒంటి మీద కోట్ల గీతలు గీశారు. నాతోపాటు పుట్టినవాళ్ళలో చాలామందికి "ఇంత వేగమే, ఇక మించకు" అని తాళం వేశారు. నాకు వేయలేదు. దానికి గుర్తుగా నా పేరు చివర 'కె' అనే అక్షరం తగిలించారు. మనుషులు బి.ఏ., ఎం.ఏ. తగిలించుకోరూ, అలాగన్నమాట.

ఓడలెక్కి, లారీలెక్కి కాకినాడ మెయిన్ రోడ్డులో నూకరాజు గారి కంప్యూటర్ కొట్టుకు చేరాను. అయిదు నెలలు అద్దాల బీరువాలో కూర్చున్నాను. వచ్చినవాళ్ళంతా తాళం వేసిన మా తమ్ముణ్ణే కొనుక్కుపోయేవారు. ఒక బుధవారం మధ్యాహ్నం హైమవతి గారు వచ్చారు. ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లెక్చరర్. అక్కడి ల్యాబ్‌లో యంత్రాలు ఎంత ముసలివంటే, ఒక డ్రాయింగ్ తెరుచుకునేలోపు పిల్లలు జడ విప్పి మళ్ళీ వేసుకుంటున్నారట. పెద్ద రకం కొనలేమని ప్రిన్సిపాల్ అంటే, "మధ్యరకం ప్రాసెసర్ తెచ్చి వేగం పెంచి చూపిస్తాను. శనివారం మీ ఎదుట గంటసేపు ఆగకుండా నడిస్తే పది యంత్రాలకు సంతకం పెట్టండి" అని మాటిచ్చి వచ్చారు. ఆగితే మరి మూడేళ్ళు ఆ ముసలివే గతి.

"ఓవర్‌క్లాకింగ్‌కి పనికొచ్చేది కావాలండి," అన్నారావిడ. నిర్ణయించిన వేగాన్ని దాటించి మమ్మల్ని పరుగెత్తించడానికి ఆ పేరు.

"ఆయ్, ఉందండి. ఇదైతే చవగ్గా వచ్చేద్దండి," అని నూకరాజు గారు మా తమ్ముణ్ణి ముందుకు తోశారు.

"దీనికి కె లేదు కదండీ. కాళ్ళు కట్టేసిన గుర్రాన్ని పందేనికి తీసుకెళ్ళమంటారా?"

ఆయన నవ్వి నన్ను తీశారు. వంకాయలు ఏరినట్టు నాలుగువైపులా తిప్పి చూసి, ఆవిడ నన్ను ఖాయం చేశారు. నన్ను కూర్చోబెట్టడానికి తగ్గ మదర్‌బోర్డు, చల్లబరిచే పెద్ద ఫ్యాను కూడా ఎంచుకున్నారు. ఏరికోరి కొన్నారని ఎంత పొంగిపోయానో!

బిగించే ముందు నూకరాజు గారు అలవాటు కొద్దీ గంధం, కుంకుమ తీసి నేను వచ్చిన అట్టడబ్బాకు బొట్టు పెట్టబోయారు.

"డబ్బా పారేసేదే కదండీ. అసలుదానికే పెట్టండి," అన్నారు హైమవతి గారు.

తర్కానికి వంక పెట్టలేం! నా వెండిరంగు నెత్తి మీద తడిగంధం, కుంకుమ దట్టంగా అద్దారు. దాని మీద వేడి లాగే పేస్టు, ఆపైన ఫ్యాను. ఇద్దరూ దణ్ణం పెట్టుకున్నారు. పేస్టు లోహాన్ని అంటితేనే నా వేడి పైకి పోతుందని పాఠం చెప్పే ఆవిడకూ గుర్తురాలేదు, ఇరవై ఏళ్ళుగా యంత్రాలు బిగిస్తున్న ఆయనకూ గుర్తురాలేదు.

గురువారం ల్యాబ్‌లో వేగం పెంచగానే నా ఒళ్ళు సెగలు కక్కింది. మూడు నిమిషాల్లో నూరు డిగ్రీలకు చేరి, ప్రాణం దక్కించుకోవడానికి ఆగిపోయాను. మళ్ళీ పెంచారు, మళ్ళీ ఆగాను. "సరుకే నాసిరకం," అన్నారావిడ. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. నాకు ఏడుపొక్కటే తక్కువ. పరుగెత్తే సత్తా ఉంది, చెప్పుకునే నోరే లేదు.

శుక్రవారం పొద్దున్నే హైమవతి గారు యంత్రాన్ని నూకరాజు గారి కొట్టు బల్ల మీద పెట్టి, "మార్చి ఇవ్వండి. రేపే పరీక్ష. నా మాట, పిల్లల ల్యాబ్ రెండూ పోయేలా ఉన్నాయి," అన్నారు.

"మారుస్తానండి, దానికేముంది. కానీ చూడకుండా చెడ్డదనకూడదు కదండీ," అంటూ నూకరాజు గారు ఫ్యాను విప్పారు.

నా నెత్తిన ఎండి అట్టకట్టిన బొట్టు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పెట్టింది నేనేనండి," అన్నారాయన.

"పెట్టమంది నేను," అన్నారావిడ.

స్పిరిట్ గుడ్డతో తుడిచి, పేస్టు సరిగ్గా రాసి మళ్ళీ బిగించారు. కొత్తది ఇస్తానన్నా వద్దని ఆవిడ నన్నే పట్టుకెళ్ళారు.

శనివారం ప్రిన్సిపాల్ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. వేగం పెంచారు. పరుగెత్తాను. ఒళ్ళు చల్లగా, ఊపిరి తేలిగ్గా, నేను పుట్టిందే ఇందుకన్నట్టు పరుగెత్తాను. గంట గడిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సంతకం పెట్టబోతూ ప్రిన్సిపాల్ కలం ఆపారు.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఆగిందామ్మా?"

లేదు అంటే సరిపోయేది. చప్పట్లు కొట్టిన చేతులన్నీ నిలిచిపోయాయి.

"గురువారం రెండుసార్లు ఆగిందండి. తప్పు నాది, దానిది కాదు," అని జరిగింది జరిగినట్టు చెప్పేశారు హైమవతి గారు. ప్రిన్సిపాల్ ఆపిన కలాన్ని కాగితం మీద ఆనించి సంతకం పెట్టారు.

తొమ్మిదేళ్ళు ఆ ల్యాబ్‌లో పనిచేశాను. ఇప్పుడు పాత సామాను అట్టపెట్టెలో ఉన్నాను, దిగుల్లేదు. ఏ ఆఫీసులో ఏ పొరపాటు జరిగినా "కంప్యూటర్ తప్పండీ" అని మా నెత్తిన రుద్దేసే లోకం ఇది. అలాంటి లోకంలో ఒక మనిషి పదిమంది ఎదుట, పోతే పోనీ అని, నా పక్షాన నిజం చెప్పింది. మా జాతిలో ఇంతటి మర్యాద ఇంకెవరికైనా దక్కి ఉంటే చెప్పండి.