మైకు తీయని పిల్ల

హైమ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, కొంగుతో దాని అద్దం తుడిచి, మరోసారి అడిగింది. "మీ ఇండ్లల్లో తలుపును ఏమంటారు? ఎవురైనా చెప్పండి."

తెర నిండా నల్లటి గళ్ళు, గళ్ళలో పిల్లల పేర్లు. ఒక్క గొంతూ లేవలేదు. కాసేపటికి ఎవరో 'ఎస్ మిస్' అని టైపు చేశారు. ఆమె దానికే తలూపి, జవాబు తానే చెప్పుకుని పాఠం ముందుకు నడిపింది.

అరవదేశంలో, చూలై పేటలోని ఆ బడిలో ఆమె తెలుగు చెప్పబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పొట్టి మనిషి, కాస్త వంగిన మెడ. మెప్పులూ బహుమతులూ ఆమె దాకా రాలేదు. పెళ్ళి చేసుకోలేదు; తమ్ముడింట్లో వంటగది పక్క గది ఆమెది. ఆమె ఎరిగిన సంతోషమల్లా ఇలాంటి ప్రశ్న ఒకటి విసిరి, తరగతి తరగతంతా మా ఇంటి మాటంటే మా ఇంటి మాటని కొట్లాడుకుంటుంటే బెత్తంతో బల్ల చరచడం. అందరికంటే ముందు లేచేది జనని. కూర్చోమని చెప్పీ చెప్పీ హైమకు నోరు నొచ్చేది. కరోనాకు బడి మూతపడి ఫోను పాఠాలు మొదలయ్యాక ఆ పిల్ల ఒక్కసారీ పలకలేదు.

సాయంత్రం హైమ మాస్కు పెట్టుకుని జనని ఇంటికి బయల్దేరింది. గుండెల్లో బరువనిపించి దారిలో రెండుచోట్ల ఆగింది. సందు చివర అల్యూమినియం గిన్నెలు కొట్టే కార్ఖానా. దాని మీదే జనని వాళ్ళ ఒంటిగది ఇల్లు. సుత్తి దెబ్బలకు మెట్లు కూడా అదురుతున్నాయి. ఫోనులో ఎందుకు పలకవని అడిగితే, ఆ మెట్ల మీద నిలబడి జనని కాలివేలితో సిమెంటు గీకింది.

"బడికైతే నేనొక్కదాన్నే వస్తా మిస్," అంది చివరికి. "ఈడ మైకు తీస్తే మా ఇల్లంతా వస్తాది. ఈ సుత్తులు, మా నాన్న తాగేసి అరిసేది, అంతా."

హైమ మెట్టు మీద కూర్చుంది. పొద్దుటి ప్రశ్నే మళ్ళీ అడిగింది.

"మా అవ్వ వాకిలంటాది. అమ్మ అరవంలో కదవంటాది. నేను డోరంటా," అంటూ మొదలుపెట్టిన పిల్ల ఇక ఆగలేదు. అవ్వ తిట్లు, అమ్మ అరవం, పక్కింటి పిల్లి, అన్నీ చెప్పింది. వీధి దీపాలు వెలిగినా హైమ కదలలేదు. వింటూ మాస్కు వెనక నవ్వుతూనే ఉంది.

లేస్తూ, "నువ్వు మైకు తీయొద్దులే. నేనే వచ్చి అడిగిపోతా," అంది.

మర్నాడు ఆమె నిద్ర లేవలేదు. మరదలు అలమేలు కాఫీ పట్టుకెళ్ళి పిలిచినా పలకలేదు. గుండె ఆగిందన్నారు.

కొత్త సారు ఫోను తరగతిలో సంగతి చెప్పి, ఎవరైనా ఆమె గురించి రెండు మాటలు మాట్లాడమన్నాడు. చాలాసేపటికి ఒక మైకు తెరుచుకుంది. జనని నోరు విప్పేలోగా సుత్తుల మోత అందరి ఇళ్ళలోనూ మోగింది.

"ఎవరది? మ్యూట్ చేయండి," అన్నాడాయన. జనని మైకు ఆపేసింది.

బడి తెరిచిన రోజు సుద్దముక్కల కోసం జననిని టీచర్ల గదికి పంపారు. వెనక తరగతిలో పిల్లల గోల మిన్నంటుతోంది. హైమ మిస్ బల్ల ఖాళీ చేసేశారు. దాని కింద, ఆమె బడిలో మాత్రమే తొడుక్కునే నీలం రబ్బరు చెప్పులు, బడి మూతపడిన నాడు తొందరలో విడిచినట్టు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి.