కూత మానిన రిమోట్

ఆ బొమ్మ విమానం రెక్కలు ఆమె చేసినవే. పలుచని చెక్కను పక్కటెముకల్లా కోసి, రెండు సగాలనూ నడిమధ్య జిగురుతో అతికించి, పైన రంగు పొరను ఇస్త్రీపెట్టెతో ముడత లేకుండా పరిచింది. అందుకే భర్త ఆమెకు మేస్త్రీ అని పేరు పెట్టాడు. "మొదట ఎగరేసేది మా మేస్త్రీయే," అని తన తమ్ముడి ఎదుటే అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వానాకాలమంతా వెనకగదిలో చెక్కపొట్టు మింగింది.

రేపు మైదానానికి వెళ్లాలనగా పెరట్లో మోటారు తిప్పి చూశారు. ప్రొపెల్లర్ జోరందుకోగానే భర్త చేతిలోని రిమోట్ కీచుకీచుమంది. విమానంలోని బ్యాటరీ తక్కువని హెచ్చరిక. మోటారు ఆపగానే కూతా ఆగింది. మరిది మీటరు పెట్టి కొలిచాడు.

"నిండుగానే ఉందన్నయ్యా. రిమోట్‌కే పిచ్చి."

"ఆపి కొలిస్తే నిండుగానే ఉంటుంది. తిరుగుతుండగా కొలువు," అందామె.

కొలిచాడు. అంకె జారుడుబండ ఎక్కినట్టు కిందికొచ్చింది. ఆపగానే మళ్లీ లేచింది.

"బ్యాటరీ ముసలిదైపోయిందండీ. అచ్చం మీ తమ్ముడే. కూర్చున్నంతసేపూ భేషుగ్గా ఉంటుంది, పని చెబితే నీరుగారిపోతుంది."

"మధ్యలో నేనేం చేశాను వదినా," అని మరిది నవ్వాడు. భర్త నవ్వలేదు.

"ఇస్త్రీ నీది, కరెంటు నాది. రేపు అందరి ముందూ ఇది కూస్తే నా పరువేం కావాలి?"

రిమోట్‌లో హెచ్చరిక మోగాల్సిన అంకెను బాగా కిందికి దించేసి, మళ్లీ మోటారు తిప్పాడు. రిమోట్ కిక్కురుమనలేదు.

"చూశావా, బాగైపోయింది."

"బాగవలేదు, నోరు నొక్కారు. కొత్త బ్యాటరీ వచ్చేదాకా ఆగుదాం. నా వంతు తర్వాతైనా ఫరవాలేదు."

"వస్తామని చెప్పి మానేస్తే క్లబ్బువాళ్లు నవ్వరూ?"

మర్నాడు మైదానంలో క్లబ్బు మిత్రులంతా చుట్టూ చేరారు. ఆమె రిమోట్ కోసం చేయి చాచింది.

"గాలి ఎక్కువగా ఉంది. ఒక్క చుట్టు తిప్పి ఇస్తా," అన్నాడు భర్త. ఆకు కూడా కదలడం లేదు.

విమానం లేచింది. రెక్కల మీద ఎండ మెరిసింది. ఆ కాసేపూ ఆమె కోపం కూడా మరిచిపోయి తల ఎత్తి చూసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. భర్తకు హుషారొచ్చి, పల్టీ కొట్టించడానికి మోటారును పూర్తి జోరుకు తెచ్చాడు. ప్రొపెల్లర్ నిలిచిపోయింది. మీటలు ఎటు తిప్పినా విమానం వినలేదు. ముక్కు వంచి నేలను గుద్దుకుంది.

"గాల్లోనే రెక్క ఊడింది," అని భర్త అందరికీ చెప్పాడు. "మా మేస్త్రీ జిగురు."

"ఓపిక ఒక్కటే చాలదమ్మా, అతుక్కి బలముండాలి," అన్నాడు క్లబ్బు పెద్దాయన.

ఆమె మరిది వైపు చూసింది. అతను వంగి, ఊడని బూటు లేసు కట్టుకోసాగాడు.

మొండెం నుజ్జయింది. రెక్క మాత్రం విడిగా, గీతలు పడి, ఒకే ముక్కగా దొరికింది. కారు డిక్కీలో అడ్డంగా పెట్టినా పట్టలేదు.

"విరిచి పడెయ్. ఇంకెందుకది?" అన్నాడు భర్త.

ఆమె సరిగ్గా నడిమి అతుకు కింద మోకాలు ఆనించి, రెండు చేతులా బలంకొద్దీ వంచింది. చాలాసేపు లొంగలేదు. చివరికి ఫెళ్లుమంది. అతుకు పక్కన చెక్క చీలింది. అతుకు అతుకులాగే ఉంది.

పెద్దాయన దగ్గరికొచ్చి ఆ అంచును వేలితో తడిమాడు. భర్త ముఖంలోకి ఒకసారి చూసి, తన కారు వైపు నడిచాడు.

"పద, ఎండెక్కుతోంది," అన్నాడు భర్త.