పెదవి మూల నీటిపొక్కులు

విడాకుల ఒప్పందం ప్రకారం నా కూతురు ఇతొహాను నెలకొక్కసారే చూడనిస్తారు. కిందటి నెలే పిల్ల మొదటిసారి నన్ను గుర్తుపట్టి నవ్వింది. ఈసారి మర్చిపోతే మళ్లీ మొదటికే వస్తాను. సరిగ్గా ఆ ఆదివారం పొద్దున్నే నా పెదవి మూల నీటిపొక్కులు లేచాయి. ముహూర్తం చూసుకుని మరీ లేచాయి, దిక్కుమాలినవి.

నీగాత రైల్వే స్టేషన్ పక్కనున్న మందుల షాపులో, వీటికి రాసే పూతమందుకు అరలో ఖాళీ పెట్టే ఉంటుంది; అసలు మందు ఫార్మసిస్టుని అడిగి తీసుకోవాలి. అది పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాను.

"ఈ పొక్కులు ఇంతకుముందు వచ్చాయాండీ?" అని అడిగింది ఫార్మసిస్టు.

"లేదండీ, ఇదే మొదలు."

"అయితే ఇవ్వలేనండీ. డాక్టరు ఒకసారి చూసి ఇదేనని చెప్పినవాళ్లకే అమ్మాలి."

"ఆదివారం పూట డాక్టరెక్కడ దొరుకుతాడండీ? కాసేపట్లో మా పాపని ఎత్తుకోవాలి. ఇంకా ఏడాది కూడా నిండలేదు."

ఆవిడ ముఖం మారిపోయింది. "మందు రాసినా ఇవాళే తగ్గదండీ. పసిపిల్లలకి అంటితే ప్రమాదం. ముద్దు పెట్టకండి, దగ్గరికెళితే మాస్కు తీయకండి."

ఇంతకుముందు వచ్చాయని ఒక్క అబద్ధం ఆడితే మందు దొరికేది. దొరికినా ఏం లాభం?

షాపింగ్ మాల్‌లో పిల్లలు ఆడుకునే అద్దాల గదికి పాపను తీసుకొచ్చింది నా మాజీ భార్య చిసతో. కాపురం చేసిన రోజుల్లో నన్ను పేరు పెట్టి పిలిచేది. ఇప్పుడు ఇంటిపేరుకు గారు తగిలిస్తోంది.

"మకబే గారూ, జలుబా?"

"పెదవి మీద పొక్కులు. అంటుకుంటాయట."

"పోనీ, వచ్చే నెల కలుద్దామా?"

"వద్దు వద్దు! దూరంగానే కూర్చుంటా."

ఇతొహా నా మాస్కును చూసి తల్లి మెడలో ముఖం దాచుకుంది. కిందటి నెల బుగ్గలు పూరించి నవ్వించాను కదా అని మళ్లీ పూరించాను. మాస్కు వెనక నా పాట్లు ఎవరికి కనబడతాయి? పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

ఉండబట్టలేక బయటికి వెళ్లి, అద్దం అవతల నిలబడి మాస్కు తీసి బుగ్గలు పూరించాను.

ఏడుపు ఆగింది. నన్ను గుర్తుపట్టింది! పాక్కుంటూ వచ్చి అద్దం పట్టుకుని నిలబడి, నా నోటికి ఎదురుగా తన నోరు ఆనించింది. నేను మాస్కు పెట్టుకుని లోపలికి రాగానే మళ్లీ ఏడుపు. చేసేదిలేక మిగిలిన సమయమంతా బయటే ఉండిపోయాను. నా కూతురు నవ్వుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

వేళ అయింది. తల్లి పాపను చంకనేసుకుంది. పిల్ల మూతి అంటిన చోట అద్దాన్ని తడి టిష్యూతో శుభ్రంగా తుడిచి, నాకు తల వంచి వెళ్లిపోయింది.