పగడాల చప్పుడు

నూకరత్నం ఉప్మాలోకి రవ్వ వేయిస్తూ చెవులు ముందుగదికి అప్పగించింది. అక్కడ ఆమె మొగుడు అప్పలసూరి సముద్రంలో మునుగుతున్నాడు. అండమాన్ నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచి భిలాయి ఖుర్సీపార్‌లోని వాళ్లింటి గడప ఎవరు తొక్కినా అతను మునుగుతూనే ఉన్నాడు. ఇవాళ వినడానికి వచ్చింది స్టీలు ప్లాంటులో అతని షిఫ్టులోనే పనిచేసే గణపతిరావు, అతని పెళ్లాం గున్నమ్మ.

"మా బావమరిది ఈపుకి గాలి సిలిండరు కట్టీసినాడు. నాకు సిలిండరంటే లెక్కేటి? గ్యాస్ కటింగోడిని! దూకీసినాను" అంటున్నాడు అప్పలసూరి.

"బాప్ రే!" అన్నాడు గణపతిరావు.

నూకరత్నానికి నవ్వొచ్చింది. దూకిన మాట నిజమే. ముక్కులోకి నాలుగు చుక్కలు పోగానే పడవ అంచు కావలించుకుని మళ్లీ వదలకపోవడమూ నిజమే. ఆ తర్వాత దిగింది ఆమె.

ఆ ఇంట్లో సెలవు అన్న మాట అప్పలసూరికే చెల్లుతుంది. ప్లాంటువాళ్లు సెలవిస్తే అతను విజయనగరం దగ్గర తన ఊరికి పోయి మంచమెక్కేవాడు, ఆమె అత్తగారి పొయ్యి ముందు కూలబడేది. భిలాయిలో ఇద్దరికి వండే మనిషి అక్కడ ఇంటిల్లిపాదికీ, వచ్చేపోయేవాళ్లకీ వండేది. తిరుగు రైల్లో అతను ఒళ్లు విరుచుకుని "ఈసారి బాగా రెస్టు దొరికిందే" అనేవాడు. ఇంటికొచ్చి ఆమె నడుముకి కాపడం పెట్టుకునేది. ఈ ఏడు మాత్రం మొండికేసింది. పోర్ట్‌బ్లెయిర్ రేవులో నీళ్లలో మునిగి ఓడల అడుగుభాగాలు చూసే పనిలో ఉన్న తమ్ముడు సత్యారావు ఎన్నాళ్లుగానో రమ్మంటున్నాడు. "పోతే అక్కడికి పోదాం, లేకపోతే నువ్వొక్కడివే మీ ఊరెల్లు మావా" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తర్వాత చాలాసేపు ఆశ్చర్యపోయింది.

భీమిలి సముద్రంలో ఆ తమ్ముడికి ఈత నేర్పింది ఆమే. పెళ్లయ్యాక నీళ్లంటే కుళాయి దగ్గర బిందె, అంతే. "పెళ్లయిన ఆడది ఈతలాడతాదేటే, నలుగురూ నవ్విపోరూ!" అని అత్త పైడమ్మ ఎప్పుడో అన్న మాట ఇన్నేళ్లూ వదల్లేదు. అండమాన్‌లో పడవ మీద తమ్ముడు "నువ్వు దిగప్పా" అన్నప్పుడు కూడా ముందు గుర్తొచ్చింది అదే. అయినా వాడి నిక్కరూ చొక్కా తొడుక్కుంది. మొగుడు అటు తిరిగి కూర్చున్నాడు. లోతు లేని చోట నోటితో ఊపిరి తీయడం పట్టుబడేదాకా నేర్పి, తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లాడు.

లోపల ఆమెను ఎవరూ పిలవలేదు. మంచినీళ్లు తెమ్మని గానీ, అగ్గిపెట్టె ఎక్కడుందని గానీ, ఎవరూ. కొమ్మలు కొమ్మలుగా పగడాలు, ఎర్రవీ పచ్చవీ, అన్నీ ప్రాణమున్నవే. పసుపు చారల చేపలు బెదురన్నది లేకుండా ఆమె మొహం ముందు నుంచే పోయాయి. వీటిని తోమి పులుసు పెట్టే పని తనకు లేదు కదా అని తోచి, నోట్లో గొట్టంతోనే నవ్వింది. ఎంత సుఖపడిందంటే పైకొచ్చాక ఏడ్చేసింది.

తిరుగు ఓడలో అప్పలసూరి అన్నాడు, "నువ్వు నిక్కరేసుకుని ములిగినట్టు మనోళ్లకి సెప్పకు. పరువు పోద్ది." సరేనంది. చూసిందంతా మాత్రం గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్నాడు. పెళ్లయ్యాక అతను తన మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలని ఆమె మురిసిపోయింది. ఎందుకు విన్నాడో భిలాయి వచ్చాక తెలిసింది.

"సేపల్ని సూసి నీళ్లలోనే నవ్వీసినాను" అంటున్నాడు ముందుగదిలో.

నూకరత్నం ఉప్మా దింపి, చట్నీ తాలింపుకి మూకుడు పెట్టింది. కాగిన నూనెలో ఆవాలు వేసింది.

"బావా, లోపల సప్పుడేటైనా ఇనిపిస్తాదేటి?" గున్నమ్మ గొంతు.

ఆమె అతనికి చెప్పని సంగతి అదొక్కటే. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఏటీ ఉండదమ్మా. సడీ సప్పుడూ లేదు" అన్నాడు అప్పలసూరి.

నూకరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. చేపల్ని తీసుకున్నాడు, పగడాల్ని తీసుకున్నాడు, చివరికి తన నవ్వు కూడా తీసుకున్నాడు, పోనీలే అనుకుంది. ఉన్నదాన్ని లేదంటాడేమిటి? ఒళ్లు మండిపోయింది. చిటపటలాడుతున్న మూకుడు గుడ్డతో పట్టుకుని తిన్నగా ముందుగదిలోకి వెళ్లి, గున్నమ్మ ముందు వంగింది.

"ఇదిగో, ఇను. పగడాల కాడ అచ్చం ఇలాగే. నలుపక్కలా, ఆగకుండా."

గున్నమ్మ ఆవాల వంకా, ఆమె వంకా చూసింది. "నీకెలా తెలుసప్పా?"

"నాను దిగినాను గదా. సిలిండరు కట్టుకుని, మా తమ్ముడి నిక్కరేసుకుని దిగినాను. మీ బావ పడవలో కూకున్నాడు."

గణపతిరావు అప్పలసూరి మొహం చూశాడు. అప్పలసూరి గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు.

"మావా, ఈ తాలింపు పచ్చట్లో ఏసీసి, అందరికీ ఉప్మా పెట్టి పట్రా" అని నూకరత్నం మూకుడు గుడ్డతో సహా అతని చేతికిచ్చింది. ఏమనుకున్నాడో, అది పట్టుకుని లోపలికి పోయాడు. ఆమె అతని కుర్చీలో కూర్చుని, కాళ్లు పైకి ముడుచుకుంది.

"మొదట్నుంచీ సెప్పప్పా" అంది గున్నమ్మ, దగ్గరికి జరిగి.

"ముందు నీళ్లు సల్లగా తగుల్తాయి..." అని మొదలుపెట్టింది.

వంటింట్లోంచి "పళ్లేలెక్కడున్నాయే?" అని కేక. మళ్లీ ఇంకో కేక.

నూకరత్నానికి వినపడలేదు. ఆమె అప్పటికే కిందికి దిగిపోయింది.