ఇరవై నిమిషాల ఆట

ఆదివారం పొద్దున్నే ఖీమా కడుగుతున్నాను. మా అత్తమ్మ జమీలాబీ గుమ్మంలో కూర్చుని తమలపాకు ఈనె తీస్తూ అంది: "పిల్లల్ని ఆడించడానిక్కూడా ట్రైనింగంట! మేం ఆరుగుర్ని పెంచాం. మాకెవరు నేర్పారమ్మా?"

నేను ఖీమా గిన్నెలోకి తీసుకున్నాను. కూర పొయ్యి మీదకెక్కాలి, అన్నం వార్చాలి, తబస్సుంకి జడలు వేయాలి, ట్రైనింగుకి వెళ్ళే బస్సు కోసం ఎనిమిదింటికల్లా జగ్గయ్యపేట బస్టాండులో ఉండాలి. మా ఆయన యూనస్ స్కూలు వ్యాను నడుపుతాడు. ఆదివారం ఆయనకి సెలవు. "ఇంకెన్ని ఆదివారాలు?" అన్నాడు బనీను దులుపుకుంటూ. "ఇదే ఆఖరండీ" అన్నాను. నాలుగు వారాలుగా అదే ప్రశ్న. నాకు సెలవెప్పుడని ఎవరూ అడగలేదు.

నందిగామలో నేను పనిచేసే స్కూల్లో మాట రాని పిల్లలు, కుదురుగా కూర్చోలేని పిల్లలు తొమ్మిదిమంది నా గదిలో ఉంటారు. ప్రిన్సిపాల్ నన్ను టీచరనదు, "ఆటల గది అమ్మాయి" అంటుంది. తల్లిదండ్రుల మీటింగులో టీ కప్పులు అందించేది నేనే. ఆటల ద్వారా పిల్లల మనసు చదవడం నేర్పే ఈ ట్రైనింగు సర్టిఫికెట్ తెస్తే గది తలుపు మీద 'మెహరాజ్, ప్లే థెరపిస్ట్' అని రాయిస్తానంది. ఆ ఒక్క పేరు కోసం ఇంట్లో మూడు నెలలు బతిమాలుకున్నాను.

ట్రైనింగు ఇచ్చే కృపావతి మేడం ఆ రోజు ప్లాస్టిక్ మెదడు బొమ్మ చేత్తో పట్టుకుని చెప్పింది. భయం వేసినప్పుడు పిల్లల మెదడు ఆలోచించడం మానేసి, ముందు ప్రాణం కాపాడుకోవాలని చూస్తుందట. కొందరు తిరగబడతారు, కొందరు పారిపోతారు, రెండూ చేతకానివాళ్ళు బిగుసుకుపోతారు. "బిగుసుకుపోయిన పిల్లని చూసి మనమేమో ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకుంటాం" అంది ఆవిడ.

అందరూ రాసుకుంటున్నారు. నేను పెన్ను కింద పెట్టేశాను. మా తబస్సుంకి ఆరేళ్ళు. అంత బుద్ధిమంతురాలు మా వీధి మొత్తంలో లేదు. వాళ్ళ నాన్న వ్యాను చప్పుడు వినబడగానే టీవీ కట్టేసి, చెప్పులు వరసగా సర్ది, గోడ పక్కన కూర్చుంటుంది.

యూనస్ చెయ్యెత్తే మనిషి కాదు. ఈ మాట మా అమ్మకి చెప్పాను, నాకు నేను చెప్పుకున్నాను, ఎనిమిదేళ్ళుగా. కంచం మాత్రం విసురుతాడు. ఆయన గొంతు లేస్తే పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకుంటారు. ఆ తర్వాత రెండేసి రోజులు మాటుండదు. "మగాడన్నాక కోపముండదా? నువ్వే పిల్లని కాస్త అదుపులో పెట్టుకోవాలి" అంటుంది అత్తమ్మ. పెట్టుకున్నాను. ఆయనకీ పిల్లకీ మధ్య గోడలా నిలబడ్డానని అనుకున్నాను. నా బతుకులో గర్వంగా చెప్పుకోడానికి అదొక్కటే ఉండేది.

ఆఖరి పరీక్ష ఏమిటంటే ఒక బిడ్డతో ఇరవై నిమిషాలు ఆడి, వీడియో తీసి, ఫారం నింపి పంపాలి. మనం ఏమీ నేర్పకూడదు, అడ్డుపడకూడదు, ప్రశ్నలు వేయకూడదు. బిడ్డ ఏం చేస్తే అది పైకి చెప్పాలి, అంతే. స్కూలు పిల్లల్ని వీడియో తీయడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. "ఇంట్లో మీ పాప ఉందిగా" అంది కృపావతి మేడం.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి యూనస్ వ్యాను తీసుకుని గ్యారేజీకి వెళ్ళాడు. అత్తమ్మ పక్కింట్లో ఉంది. ఫోను బియ్యం డబ్బాకి ఆనించి చాప మీద కూర్చున్నాను. తబస్సుం రెండు బొమ్మలు తీసుకుంది. పెద్దది అమ్మ, చిన్నది పాప. చిన్నదాన్ని గెంతించింది.

"పాప గెంతుతోంది" అన్నాను.

"పాప నవ్వుతుంది కూడా" అంది తబస్సుం.

అంతలో పెద్ద బొమ్మని లేపింది. గొంతు తగ్గించి, పళ్ళు బిగించి, "ష్! నోర్ముయ్. నాన్నొస్తాడు. కిక్కురుమన్నావంటే చంపేస్తా" అంది.

ఆ గొంతు నాది. ఆ విరుపు, ఆ బుసకొట్టడం అచ్చం నావే.

తర్వాత చిన్న బొమ్మ తొడ మీద రెండు వేళ్ళతో పట్టి మెలిపెట్టింది. నా వైపు చూసి ఆగింది. నేను చెప్పాలి కదా, చెప్పడమే కదా ఆట.

"చెప్పమ్మా" అంది.

"అమ్మ... పాపని గిల్లుతోంది."

"ఏడిస్తే ఇంకోటి" అంది తబస్సుం బొమ్మతో, చాలా మామూలుగా.

ఇరవై నిమిషాలూ ఆ ఆటలోకి నాన్న రాలేదు. ఆయన రావలసిన అవసరమే లేకపోయింది. ఆయన కోపం నా వేళ్ళలోంచి ఎప్పుడో నా బిడ్డ తొడ దాకా వెళ్ళిపోయింది. నేను గోడని కాదు. ఆ కోపం నడిచి వెళ్ళిన దారిని.

ఫోను ఆపాను. తబస్సుం బొమ్మల్ని బుట్టలో సర్ది, ఫ్రాకు మోకాళ్ళ మీదకి లాక్కుని అడిగింది: "బాగా ఆడానామ్మా? మేడం నిన్ను తిట్టదు కదా?"

దగ్గరికి తీసుకోబోయాను. నా చెయ్యి లేవగానే పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. చెయ్యి అలాగే దించేసుకున్నాను.

ఆ వీడియో చెరిపేసి, ఈసారి బ్లాకులిచ్చి ఇంకోటి తీయొచ్చు. బ్లాకులతో చక్కగా మేడ కడుతుంది. నేను "మేడ కడుతోంది" అంటాను. సర్టిఫికెట్ వస్తుంది, తలుపు మీద నా పేరు పడుతుంది. బయట వ్యాను ఆగిన చప్పుడైంది. తబస్సుం లేచి చెప్పులు సర్దడానికి పరుగెత్తింది. "మెహరాజ్, టీ!" అని గుమ్మంలోంచే కేకేశాడు యూనస్.

నేను లేవలేదు. ఫారం తెరిచాను. బిడ్డ పేరు, వయసు, ఆడిన ఆట నింపాను. చివర్న ఒక ప్రశ్న ఉంది: బిడ్డ భయం లేకుండా దగ్గరికి వెళ్ళగలిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఎవరు?

'ఎవరూ లేరు. నేను కూడా కాదు' అని రాసి, వీడియో జతచేసి పంపించాను.